రోజూ తాగే మనిషి చేత మందు మాన్పించడం ఎలా: హైదరాబాద్ కుటుంబాలకు

రోజూ తాగే మనిషి చేత మందు మాన్పించాలంటే మొట్టమొదట గుర్తుంచుకోవాల్సింది, ఒక్కసారిగా ఆపించకూడదని. ఒట్టు వేయించుకుని, జేబులో పైసలు తీసేసుకుని, గదిలో పెట్టి తలుపేస్తే పని అయిపోతుందని చాలా ఇళ్లలో అనుకుంటారు. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాక గానీ సంగతి అర్థం కాదు. గంజాయి మానేస్తే నిద్ర పట్టదు, చిరాకు పడతారు, అంతే. మద్యం, నిద్రమాత్రలు అలా కాదు. వాటికి అలవాటు పడ్డ ఒంటికి హఠాత్తుగా ఆపేస్తే ప్రాణం పోవచ్చు.

కారణం మెదడులో ఉంది. మద్యం మెదడు పనిని నెమ్మదిపరుస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే, ఆ మత్తును తట్టుకోవడానికి మెదడు తన వేగం తాను పెంచుకుంటుంది. బ్రేకు తొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ ఇచ్చిన బండి లాంటి పరిస్థితి అది. ఒక్కసారి బ్రేకు మీంచి కాలు తీస్తే ఏమవుతుందో, మందు ఆపిన మెదడులో అదే అవుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి మతి తప్పుతుంది.

ఇది మీ ఇంటి ఒక్కదానికే వచ్చిన కష్టం కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతున్నారని తేలింది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందింది. మిగతా 37 మంది ఇళ్లలో ఒట్లు, తిట్లు, తాళాలతో నెట్టుకొస్తున్నారు.

ముందు లెక్క తీయండి

"కొంచెమే తాగుతా" అన్న మాట డాక్టర్‌కు పనికిరాదు. ఒక వారం పాటు గొడవ పడకుండా గమనించి కాగితం మీద రాయండి: ఏ సరుకు, ఎంత, రోజులో మొదటి గుక్క ఎన్ని గంటలకు, చివరిది ఎప్పుడు.

లెక్కకు ఒక కొలత పెట్టుకోండి. 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ను ఒక డ్రింక్ అంటారు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాల్ దాదాపు 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు, ఆరు డ్రింకులు. 90 తాగితే మూడు. హాఫ్ అయితే పన్నెండు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒకటి మూడున్నర నుంచి నాలుగు డ్రింకులకు సమానం. "బీరే కదా" అని రోజుకు రెండు సీసాలు లాగించే మనిషి ఒంట్లోకి క్వార్టర్ కంటే ఎక్కువే పోతోంది.

పరిమాణం కంటే పొద్దున్న కనిపించే గుర్తులు ఎక్కువ చెబుతాయి. లేవగానే టీ గ్లాసు పట్టుకుంటే అంచు నుంచి టీ ఒలుకుతోందా? ఒక చేత్తో పట్టలేక రెండు చేతులతో పట్టుకుంటున్నారా? గడ్డం గీసుకోవడం మానేశారా? ఒక నైంటీ పడగానే ఆ వణుకు ఆగిపోతోందా? ఆగిపోతోందంటే ఆయన సరదాకు తాగడం లేదు, వణుకు తగ్గడానికి తాగుతున్నారు. అలాంటి మనిషికి ఇంట్లో సొంతంగా మాన్పించే ప్రయోగం చెయ్యొద్దు.

ఇంట్లోనా, ఆసుపత్రిలోనా

ఈ నిర్ణయం డాక్టర్‌దే. కానీ కింది వాటిలో ఒక్కటి ఉన్నా అడ్మిట్ చేయమని మీరే అడగండి.

- ఇంతకుముందు తాగుడు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చి ఉండటం, లేదా మతి తప్పి లేనివి కనిపించడం
- మందుతో పాటు నిద్రమాత్రలు కూడా వాడుతుండటం
- కల్లు కాంపౌండ్‌కు (కల్లు అమ్మే దుకాణానికి) రోజూ వెళ్లే అలవాటు
- కామెర్లు, కాళ్ల వాపు, పొట్టలో నీరు, రక్తపు వాంతులు
- 60 దాటిన వయసు, బాగా చిక్కిపోయిన ఒళ్లు, షుగర్, గుండె జబ్బు
- చచ్చిపోతానని అంటుండటం
- ఇంట్లో చూసుకోవడానికి మెలకువగా ఉండే రెండో మనిషి లేకపోవడం

మొదటి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం ఎన్నిసార్లు జరిగితే మెదడు అంత సున్నితమవుతుంది. పోయినసారి వణుకుతో పోయింది కాబట్టి ఈసారీ అంతే అనుకోవడానికి లేదు. పోయినసారి వణుకైతే ఈసారి ఫిట్స్ కావచ్చు.

కల్లు తాగేవాళ్ల సంగతి వేరు

చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ తక్కువే, బీరుకు అటూ ఇటూగా ఉంటుంది. నగరంలో అంత మందికి సరిపడా చెట్లు లేవు. అందుకే కాంపౌండ్లలో దొరికే దానిలో చాలాసార్లు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలుపుతారు. కాంపౌండ్‌కు పోయే మనిషి తనకు తెలియకుండానే రోజూ నిద్రమాత్రలు మింగుతున్నట్టు లెక్క. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు జనం ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు బారులు తీరింది అందుకే. కల్లు తాగి కాదు, కల్లు దొరకక. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగింది దీనికి రెండో వైపు: తాగినవాళ్లే పలువురు చనిపోయారు.

మీరు చెయ్యాల్సింది: డాక్టర్‌తో "తాగుతాడు" అని ఊరుకోకుండా "కాంపౌండ్ కల్లు తాగుతాడు, రోజుకు ఇన్ని సీసాలు" అని చెప్పండి. మందుల మోతాదు, ఎన్ని రోజులు ఇవ్వాలన్నది దాన్నిబట్టి మారిపోతుంది. మద్యం ఆపితే ఇబ్బంది మొదటి నాలుగైదు రోజుల్లోనే బయటపడుతుంది. డైజిపామ్ లాంటివి ఒంట్లో నిదానంగా దిగుతాయి కాబట్టి వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. "ఐదు రోజులైంది, గండం గడిచింది" అని కల్లు తాగేవాళ్ల విషయంలో అనుకోవద్దు.

అయ్యప్ప మాల వేసుకుంటానంటే

కార్తీకంలో మాల వేసుకుని 41 రోజులు ముట్టకుండా ఉండేవాళ్లు మన దగ్గర చాలా మంది. సంకల్పం మంచిదే. నియమం, తెల్లవారుజామున స్నానం, సన్నిధానంలో తోటి స్వాముల తోడు, ఇవన్నీ మానడానికి నిజంగా సాయపడతాయి. చిక్కల్లా ముందు రోజు రాత్రి దాకా హాఫ్ తాగి తెల్లారి మాల వేసుకోవడంతో వస్తుంది. దీక్షలో రెండో రోజో మూడో రోజో స్వామికి ఫిట్స్ వస్తే, ఉపవాసం వల్లనో చన్నీళ్ల వల్లనో అనుకుని ఆలస్యం చేస్తారు. మాలకు రెండు వారాల ముందే డాక్టర్‌ను కలిసి, ఒంట్లోంచి మందు దిగే చికిత్స పూర్తి చేసుకుని మాల వేసుకోమనండి. దీక్షలో గోళీలు వేసుకుంటే తప్పేమీ లేదని గురుస్వామి చేత చెప్పించండి, ఆయన మాట వింటారు. 42వ రోజు ఏం చేస్తారన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. మాల తీసిన సాయంత్రం వచ్చే దావత్‌లోనే చాలా మంది దీక్ష కొట్టుకుపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఏం చెప్పాలి

ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో తాగుడు, మత్తు మందుల అలవాటుకు చికిత్స ఉంది. మెట్రోలో వెళితే ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగాలి. "ఎర్రగడ్డ" అనగానే పిచ్చాసుపత్రి అని నగరంలో ఒక ఎకసెక్కం ఉంది, ఆ మాటకు జంకే చాలా కుటుంబాలు నెలలు పోగొట్టుకుంటాయి. ఆ పేరు మీద అంత బెదురుంటే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల సైకియాట్రీ విభాగానికి వెళ్లండి. లివర్ దెబ్బతిన్నవాళ్లకు, రక్తపు వాంతులైనవాళ్లకు ఎలాగూ పెద్ద జనరల్ ఆసుపత్రే మంచిది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం గురించి టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితమే.

మనిషిని ఒప్పించడం విడిగా ఒక పని. తాగి ఉన్నప్పుడు ఈ మాట ఎత్తొద్దు. పొద్దున్న, వణుకుతో ఉన్నప్పుడు, పిల్లలు బడికి పోయాక, ఒక్కరే మాట్లాడండి. అత్తమామలను, బావమరుదులను పంచాయితీకి పిలిచారంటే మాట అక్కడే తెగుతుంది. "తాగుడు బంద్ చేస్తవా, చెయ్యవా" అని అడిగితే జవాబు తెలిసిందే. "చేతులు గిట్ల వణుకుతున్నయి, కడుపులో మంట అంటున్నవు. ఒక్కసారి చూపిచ్చుకుందాం పా. ఓపీ చీటీ నేను రాయిస్త, నువ్వు ఊకె రా" అంటే చాలా మంది కదులుతారు. తాగుడు మానిపించడానికి రానివాళ్లు, కడుపు నొప్పికీ నిద్ర పట్టకపోవడానికీ వస్తారు. వచ్చాక మిగతాది డాక్టర్ చూసుకుంటారు.

అపాయింట్‌మెంట్ దాకా ఉన్న ఆ రెండు మూడు రోజులు సీసాలు పారబోయొద్దు. ఆయన తాగేది తాగనివ్వండి, తగ్గించగలిగితే కొంచెం కొంచెంగా తగ్గించమనండి. ఈ మాట చాలా ఇళ్లలో మింగుడు పడదు, కానీ వైద్యం లేకుండా ఒక్కసారిగా ఆపడం కంటే ఇదే క్షేమం.

ఓపీకి తీసుకెళ్లాల్సినవి: మీరు రాసిన లెక్క, చివరిసారి తాగిన టైమ్, ఇంట్లో ఉన్న గోళీల పట్టీలు అన్నీ, పాత రిపోర్టులు, ఆధార్. రక్త పరీక్షల్లో మామూలుగా సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ ఫంక్షన్, షుగర్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూస్తారు. పొట్ట స్కానింగ్ కూడా రాయవచ్చు.

గల్లీలోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజ్ సెలైన్ పెట్టించడం మన దగ్గర మామూలే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఏళ్లుగా తాగేవాళ్లలో విటమిన్ బీ1, అంటే థయామిన్, నిండుకుని ఉంటుంది. అది ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు నిలవకపోవడం, అయోమయం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఎవరు సెలైన్ పెడుతున్నా "రోజూ తాగే మనిషి, థయామిన్ ఇచ్చారా?" అని అడగండి. తాగేవాళ్ల పేగులు గోళీలోని థయామిన్‌ను సరిగా పీల్చుకోవు, అందుకే మొదట్లో ఇంజెక్షన్‌గా ఇస్తారు.

మొదటి ఐదు రోజులు

డాక్టర్ ఇంట్లోనే మాన్పించవచ్చని గోళీలు రాసిస్తే ఈ ఐదు రోజులకు పనికి సెలవు పెట్టండి. ఇద్దరు మనుషులు వంతులవారీగా ఉండాలి.

ఆపిన ఆరు నుంచి ఎనిమిది గంటలకు వణుకు, వాంతులు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. అన్నిటికంటే ప్రమాదమైనది మూడో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వచ్చే మతిభ్రమ. అప్పటికి వణుకు కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని పనులకు వెళ్లిపోతుంటారు. వెళ్లొద్దు.

గోళీలు క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ, డైజిపామ్ గానీ, లివర్ బాగోలేనివాళ్లకు లోరాజిపామ్ గానీ ఉంటాయి. మొదటి రోజు ఎక్కువ, తర్వాత రోజుకు కొంత చొప్పున తగ్గిస్తూ వారం పది రోజుల్లో పూర్తిగా ఆపేస్తారు. డబ్బా ఆయన చేతికి ఇవ్వొద్దు. పూటకు పూట మీరే చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా చూడండి. మగతగా ఉండి, పిలిస్తే సరిగా పలకకపోతే తర్వాతి మోతాదు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. గోళీలు నడుస్తుండగా బయటికి పోయి తాగి వస్తే, రెండూ కలిసి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, అప్పుడూ గోళీ ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి తాళాలు దాచేయండి.

కోర్సు అయిపోయాక అదే చీటీ పట్టుకుని మెడికల్ షాపులో మళ్లీ కొనడమే ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు. "నిద్ర పట్టట్లేదు, ఇంకో పట్టీ తెచ్చుకుంటా" అంటారు. ఆరు నెలలు గడిచేసరికి మందు పోయి మాత్ర మిగులుతుంది. నిద్ర సరిగా పట్టకపోవడం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. దానికి అలవాటు పడని మందులు వేరే ఉన్నాయి, అవి డాక్టర్‌ను అడగండి.

గది సంగతి. రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. చీకట్లో నీడలు మనుషుల్లా కనిపిస్తాయి. బాల్కనీ ఉన్న పై అంతస్తు అయితే ఆ తలుపుకు తాళం వేయండి, కత్తులు, యాసిడ్ సీసాలు తీసేయండి. టీవీ సౌండు, చుట్టాల రాకపోకలు తగ్గించండి. తిండి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు: ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, మజ్జిగ, ఓఆర్‌ఎస్. టీ, కాఫీలు మధ్యాహ్నం దాకానే. తలనొప్పికి పారాసెటమాల్ ఇష్టమొచ్చినట్టు మింగనివ్వొద్దు, తాగే లివర్‌కు అది బరువు.

మూడు నాలుగు గంటలకొకసారి మూడు ప్రశ్నలు అడగండి: ఇవాళ ఏ వారం? మనం ఎక్కడున్నాం? నేనెవరిని? జవాబు తప్పితే, దుప్పటి మీద పురుగులు ఏరుతున్నట్టు వేళ్లు కదిలిస్తుంటే, గోడ మీద ఎవరో ఉన్నారని బెదురుతుంటే, జ్వరం తగిలితే, వెంటనే 108. గాలి సోకిందని తాయెత్తుకో, దర్గాకో తీసుకెళ్లే సమయం కాదిది. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. ఈ స్థితిలో చికిత్స లేకపోతే మనిషి చనిపోవచ్చు, చికిత్స అందితే ఎక్కువ మంది కొన్ని రోజుల్లో తేరుకుంటారు. తాళ్లతో మంచానికి కట్టొద్దు. పెనుగులాటలో ఒళ్లు వేడెక్కి గుండె మీద భారం పడుతుంది.

ఫిట్స్ వస్తే: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్లు పోయడం ఏవీ వద్దు. చెంచాతో పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే రెండోది వచ్చే అవకాశం ఎక్కువ. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా అది ప్రాణాపాయం.

"ఆయనకు తెలియకుండా కలిపి ఇవ్వండి"

ఆటోల వెనకా, కరెంటు స్తంభాల మీదా, యూట్యూబ్‌లోనూ కనిపించే ప్రకటన ఇది. పప్పులో కలిపితే ముప్పై రోజుల్లో తాగుడు మీద విరక్తి పుడుతుందంటారు. ఆ పొడుల్లో ఏముందో చెప్పరు. కొందరు మెడికల్ షాపుల్లోంచి డైసల్ఫిరామ్ తెచ్చి కూరలో కలుపుతారు.

డైసల్ఫిరామ్ నిజంగా మంచి మందే, వేసుకునే మనిషికి తెలిసి వేసుకుంటే. అది ఒంట్లో ఉండగా తాగితే మద్యం సగం అరిగి, ఎసిటాల్డిహైడ్ అనే విషం దగ్గర ఆగిపోతుంది. ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, లివర్ పాడైనవాళ్లు చనిపోవచ్చు. దీని పని ఆ భయంతోనే జరుగుతుంది. కలిపి ఇచ్చిన మనిషికి ఆ భయం ఉండదు కాబట్టి మామూలుగానే హాఫ్ ఎత్తుతాడు. మీరు చేసింది విషం పెట్టడం అవుతుంది.

తెలిసి వేసుకునేవాళ్లకు కూడా షరతులున్నాయి. చివరి చుక్క తాగి కనీసం 24 గంటలు గడవాలి. మాత్ర ఆపాక రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది, "నిన్న గోళీ వేసుకోలేదు కదా" అని ఇవాళ తాగడానికి లేదు. దగ్గు సిరప్‌లు, టానిక్‌లు, ఆల్కహాల్‌తో చేసిన హోమియో చుక్కలు, ఆఫ్టర్‌షేవ్, శానిటైజర్‌లతో కూడా జాగ్రత్త.

కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వాడుతూ తాగినా ఇలాంటి రియాక్షన్ రాదు. నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టే ముందు ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నారేమో డాక్టర్‌కు చెప్పాలి, రెండూ కలిస్తే ఒళ్లు విరిచేసే బాధలు మొదలవుతాయి. లివర్ గట్టిపడ్డవాళ్లకు బాక్లోఫెన్ ఇస్తుంటారు. ఏది నప్పుతుందో డాక్టర్ చెబుతారు. నెలల తరబడి వాడాలి, పదిహేను రోజులకే "ఏం తేడా లేదు" అని ఆపకండి.

రీహాబ్ సెంటర్‌లో చేర్చే ముందు

నగర శివార్లలో, ఫామ్‌హౌస్‌ల మధ్య ఇవి చాలా వెలిశాయి. కొన్ని బాగున్నాయి. కొన్ని వట్టి తాళం వేసిన ఇళ్లు. ఫోన్ చేయగానే "మా మనుషులు రాత్రికి వచ్చి ఎత్తుకెళ్తారు, మీరు సంతకం పెడితే చాలు" అన్నవాళ్లతో అక్కడే మాట ఆపేయండి.

అడగాల్సినవి: మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సర్టిఫికెట్ చూపించండి. సైకియాట్రిస్ట్ పేరేమిటి, వారానికి ఎన్నిసార్లు వస్తారు. ఫిట్స్ వస్తే అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. నర్సు రాత్రి ఉంటారా. వారానికి ఎన్నిసార్లు చూడనిస్తారు, ఫోన్ ఇస్తారా. మీరు వెళ్లినప్పుడు గదులు, బాత్రూములు, వంటిల్లు చూడనివ్వాలి. "నెల దాకా కలవొద్దు, మనసు మారుతుంది" అంటే అనుమానించండి.

2017 నాటి ఆ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే డాక్టర్ల పరీక్ష, కుటుంబం తరఫు ప్రతినిధి దరఖాస్తు కావాలి, అది కూడా మొదట 30 రోజులకు మించకుండా. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే కేంద్రాల్లో చికిత్స ఉచితం, దగ్గరలో ఏదుందో 14446 వాళ్లు చెబుతారు.

గంజాయి, గోళీలు, వైట్‌నర్ అయితే

గంజాయి మానితే మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం. ఆసుపత్రి అవసరం సాధారణంగా పడదు. కానీ కుర్రాడు తన మీద ఎవరో కుట్ర చేస్తున్నారనో, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనో అంటే అదే వారం సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్, ఓజీ అనే ఘాటు గంజాయి లాంటి సరుకుతో ఈ ముప్పు ఎక్కువ.

వైట్‌నర్, సొల్యూషన్ (పంక్చర్లకు వాడే జిగురు) పీల్చే పిల్లలను చూసి అరిచి వెంటపడొద్దు. ఆ మత్తులో హఠాత్తుగా బెదిరితే, పరిగెత్తితే గుండె ఆగిపోవచ్చు. నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, గాలి తగిలేలా కూర్చోబెట్టండి.

హెరాయిన్, ట్రమడాల్ లాంటివి వాడి కొన్ని వారాలు మానినవాళ్లకు పాత మోతాదే ప్రాణం తీస్తుంది, ఎందుకంటే ఒంటికి తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మొదటి నెలే అన్నిటికంటే ప్రమాదం. కంటిపాప గుండుసూది మొనంత అయి, ఊపిరి నెమ్మదిస్తే పక్కకు తిప్పి 108కు ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

కేసు భయంతో చాలా మంది ఆసుపత్రికి రారు. మత్తు పదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ఈ భయానికే పెట్టారు. వాడకం, లేదా కొద్ది పరిమాణం దగ్గర ఉండటం మీద కేసు ఉన్న బాధితుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలేస్తే మినహాయింపు పోవచ్చు. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలనుకుంటే 1933.

ఆ తర్వాతి సాయంత్రాలు

ఒంట్లోంచి మందు దిగడానికి పది రోజులు చాలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చెయ్యాలన్నది తేలడానికి ఏడాది పడుతుంది. తాగాలన్న తపన ఒకసారి వస్తే సాధారణంగా 20, 30 నిమిషాల్లో తగ్గుతుంది. ఆ అరగంట గడిపే ఏర్పాటు ముందే ఉండాలి: కడుపు నిండా తినడం (ఆకలి మీద తపన ఎక్కువ), స్నానం, బయటికి నడక, ఎవరికైనా ఫోన్. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో జరుగుతాయి, ఫీజు లేదు, పేరు చెప్పుకోనక్కర్లేదు. ఒకసారి వెళ్లి నచ్చలేదంటే వేరే చోటి సమావేశానికి వెళ్లమనండి, ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది.

ఇంటికొచ్చే దారి మార్చండి. పర్మిట్ రూమ్ ముందు నుంచి నడవాల్సి వస్తే ఎంత గట్టి మనిషికైనా కష్టమే. అడ్డా మీది కూలీకి వారం పైసలు చేతికొచ్చే సాయంత్రం, ఆఫీసు మనిషికి శుక్రవారం, అందరికీ ఆదివారం మటన్ పూట: ఈ మూడింటికీ ముందే ప్లాన్ వేసుకోండి. బోనాలకు సాక పోసేటప్పుడు ప్రసాదమని గుక్కెడు ఇస్తారు. ఆ గుక్కెడు కూడా వద్దని, ఆ పూట పక్కన ఎవరుండాలో కూడా అనుకోండి. దావత్‌లో "ఒక్క పెగ్గుకు ఏం గాదు బావా" అన్నవాళ్లకు చెప్పడానికి ఒకే మాట బాగా పనిచేస్తుంది: "లివర్ గోళీలు వాడుతున్న, డాక్టర్ ముట్టొద్దన్నడు." మానేశానని చెబితే వాదిస్తారు, గోళీలంటే వదిలేస్తారు.

ఇంట్లోవాళ్లు రోజూ నోరు వాసన చూడటం, జేబులు తడమడం మానాలి. కానీ అప్పులు తీర్చడం, ఆఫీసుకు "జ్వరం" అని అబద్ధం చెప్పడం కూడా మానాలి. ఆ రెండూ తాగుడుకు దారి సుగమం చేస్తాయి. కొట్టడం ఉంటే అది వేరే విషయం, తాగుడు ఖాతాలో వేసి భరించొద్దు: మహిళలకు 181, ప్రమాదం కళ్లముందుంటే 112, పిల్లలకు 1098.

మళ్లీ తాగితే, ఎంత తాగారు, ఎన్ని రోజులుగా అన్నది ముందు చూడండి. ఒక్క పూట జారితే ఆ రాత్రి గొడవ చేయకుండా పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి, వెల్లకిలా పడుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డైసల్ఫిరామ్ వాడుతూ తాగి ఉంటే మాత్రం పడుకోబెట్టకుండా ఆసుపత్రికి. తెల్లారి డాక్టర్‌కు ఫోన్ చేసి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి వాడుతుంటే కొనసాగించాలా అని అడగండి, సాధారణంగా ఆపాల్సిన పని ఉండదు. వరుసగా వారం దాటి రోజూ తాగుతుంటే మాత్రం "పోయినసారి మానాడు కదా, ఈసారి ఇంట్లోనే ఆపేద్దాం" అనుకోవద్దు. కొత్త కాగితం తీసుకుని లెక్క రాసి, ఓపీకి వెళ్లండి. పాత చీటీ కూడా పట్టుకెళ్లండి, పోయినసారి ఏ మోతాదు సరిపోయిందో దాన్ని చూస్తే డాక్టర్‌కు తెలుస్తుంది.